ఎవరి లెక్కలో ఎక్కువ?

అమ్మాయికి,

తత్వవేత్త పీటర్ సింగర్ మీద డిజర్టేషన్ రాస్తున్నావనీ, దూరాన ఉన్న ఆపన్నులకు సాయం చెయ్యడం మన బాధ్యత అన్న ఆయన వాదం మనుషుల్ని మరీ ఎక్కువ అడుగుతోంది కాబట్టి చెల్లదని తేల్చబోతున్నావనీ రాశావు. నీతిశాస్త్రం తరగతుల్లో ఈ అభ్యంతరం బాగా చెలామణిలో ఉన్నదే. కానీ నీ వ్యాసమంతా దాని మీదే నిలబెట్టకమ్మా. ఎక్కువ అంటున్నామే, అది ఎవరి లెక్కలో ఎక్కువో ముందు చూడాలి.

సింగర్ ఈ వాదం చేసిన వ్యాసం రాసింది 1971 నవంబరులో, అచ్చయింది 1972లో. తూర్పు బెంగాల్ నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని మన దేశంలోకి వచ్చిన కాందిశీకులు అప్పటికి 90 లక్షలని ఆయన లెక్క. వాళ్లను ఏడాదిపాటు బతికించడానికి 46 కోట్ల 40 లక్షల పౌండ్లు కావాలని అంచనా. అన్ని వైపుల నుంచీ అందిన సాయం సుమారు ఆరున్నర కోట్లు. అందులో బ్రిటన్ ఇచ్చింది కోటిన్నరకు కాస్త తక్కువ. అదే బ్రిటన్ కాంకార్డ్ విమానం మీద తిరిగిరాని ఖర్చు కింద 27 కోట్ల 50 లక్షలకు పైగా పెట్టింది. ఈ అంకెలు వదిలేసి, చెరువులో మునిగిపోతున్న పసిబిడ్డను బట్టలు బురదైనా సరే కాపాడి తీరాలన్న ఆయన ఉదాహరణ ఒక్కటే చదివితే సింగర్‌ది మొండివాదంలా కనిపిస్తుంది. అంకెలతో కలిపి చదివితే, 'ఇంత అడిగితే ఎలా' అన్న మాట ఎవరి నోట వస్తోందో తెలుస్తుంది.

సింగర్ సూత్రం ఉన్నవాడి జేబులోంచి కొంత అడుగుతుంది, నిజమే. సాయం చెయ్యడం మన ఇష్టం అనే సిద్ధాంతం మాత్రం ఎవరినీ ఏమీ అడగదా? కలరా సోకిన శిబిరంలో ఉన్న తల్లిని బిడ్డ ప్రాణం వదులుకోమంటుంది. ఆ నష్టాన్ని మనం లెక్కలోకే తీసుకోం. డేవిడ్ సోబెల్ 2007లో ఎత్తి చూపింది ఈ విషయాన్నే. దీనికి ఒక జవాబుంది, తేలిగ్గా తీసుకోకు: ఆ తల్లికి మనం హాని చెయ్యలేదు, సాయం చెయ్యలేదంతే. అయితే అలా అన్న క్షణంలోనే వాదం చేతులు మారింది. ఇక బరువంతా మోసేది 'ఎక్కువ అడగడం' కాదు, హాని చెయ్యడానికీ ఊరుకోవడానికీ మధ్య గీసిన గీత. ఆ గీతకు న్యాయం విడిగా చూపించాలి. 1967లో ఫిలిప్పా ఫుట్ మొదలుపెట్టి, జుడిత్ జార్విస్ థామ్సన్ అదుపు తప్పిన ట్రాలీ ఉదాహరణలతో (ఐదుగురిని కాపాడటానికి ఒకరి ప్రాణం తియ్యవచ్చా అని అడిగేవి) పొడిగించిన చర్చ అందుకే అంత కాలం సాగింది. గీత నిలబడినా సంపన్న దేశాలు దాని వెనక దాక్కోలేవేమో. అంతర్జాతీయ వాణిజ్యం, అప్పుల నియమాలే పేదలకు హాని చేస్తున్నాయని థామస్ పోగె 2002లో వాదించాడు. 1943 బెంగాల్ కరువులో జనం చనిపోవడానికి అసలు కారణం గింజల కొరత కాదనీ, గింజలు దక్కించుకునే శక్తి పోవడమేననీ అమర్త్య సేన్ 1981లో చూపాడు. చెరువు ఉదాహరణలో నాకు కనిపించే పెద్ద లోటు ఇదే: బిడ్డ నీళ్లలో ఎలా పడిందో అది అడగదు.

బెర్నార్డ్ విలియమ్స్ అభ్యంతరం వేరు, ఇంకా లోతైనది. మనిషి బతుకుకు అర్థమిచ్చే పనుల్నీ అనుబంధాల్నీ లోకంలోని మొత్తం మేలు కోసం ఎప్పుడంటే అప్పుడు పక్కన పెట్టమంటే, ఆ మనిషే మిగలడని 1973లో ఆయన అన్నాడు. నేను దీన్ని ఒప్పుకుంటాను. అందుకే సింగర్ బలమైన సూత్రం, అంటే మనం ఆపగలిగే కీడుకు సాటివచ్చేదేదీ పోగొట్టుకోనంత వరకూ సాయం చేస్తూనే ఉండాలన్నది, నిరూపణ అయిందని చెప్పను. కానీ కాందిశీకుడికీ అలాంటి పనులూ అనుబంధాలూ ఉన్నాయి కదా. విలియమ్స్ కాపాడదలచింది అంత విలువైనదే అయితే, అది పూర్తిగా కూలిపోయినవాడి విషయంలో మనం ఊరుకోవడం మరింత కష్టమవుతుంది. సింగర్ అదే వ్యాసంలో మెత్తని సూత్రం కూడా ఇచ్చాడు: నైతికంగా విలువైనదేదీ పోగొట్టుకోనక్కర లేనప్పుడు సాయం చేసి తీరాలి. దీనికి విలియమ్స్ దెబ్బ తగలదు. బట్టల మోజు ఎవరి వ్యక్తిత్వానికీ ఆధారం కాదు. ఈ మెత్తని సూత్రం ఒక్కటే ఒప్పుకున్నా మన ఖర్చుల తీరు చాలా మారాలి.

కాబట్టి రెండో అధ్యాయాన్ని ఫుట్‌తో మొదలుపెట్టు. ఆ గీతకు నీకు దొరికిన న్యాయం ఏమిటో తేల్చుకున్నాకే విలియమ్స్ దగ్గరికి వెళ్లు. న్యాయం దొరక్కపోతే ఆ సంగతి అలాగే రాయి, మార్కులకు భయపడకు. చిత్తుప్రతి పంపు, చదువుతాను.

మీ మామయ్య