ఒక్క మాట చెప్తే

తార్నాక,
ఆదివారం రాత్రి

అమ్మలూ,

సాయంత్రం నువ్విచ్చి వెళ్లిన డబ్బాలో గారెలు నేనూ అత్తయ్యా తిన్నాం. అచ్చం మీ నాయనమ్మ చేసినట్టే ఉన్నాయి. ఆ మాట నీతో అందామనుకునేలోపే, హాస్టల్ గేటు మూసేస్తారంటూ లేచిపోయావు. గేటు మూయడానికి ఇంకా రెండు గంటలుందని నాకు తెలుసు.

హనుమకొండలో మీ నాయనమ్మ సంవత్సరికం బాగా జరిగిందన్నావు. అంతకు మించి మాట్లాడలేదు. దానికోసం నువ్వు వదులుకున్న బొంబాయి కచేరీ సంగతి నేనే ఎత్తితే, "పోయింది మామయ్యా" అని ఫోన్‌లోకి తల దించేసుకున్నావు. అప్పుడు నోటిదాకా వచ్చి ఆగిపోయినవే ఈ ఉత్తరంలో రాస్తున్నాను.

పోయింది చిన్నదేమీ కాదు. ఆ కళాకారుడు పెద్దవాడు, మళ్లీ ఇంత దూరం వస్తాడో లేదో. నీకు ఈ బ్లూస్ పిచ్చి అంటించినవాణ్ని నేనే కాబట్టి నీ బాధలో నాకూ పాలుంది. ఎనభైల్లో ఉస్మానియాలో ఎం.ఏ. చదివేటప్పుడు నా సాయంత్రాలన్నీ క్యాంపస్‌లోని అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ లైబ్రరీలోనే గడిచేవి. 1964లో పెట్టిన సంస్థ అది. లాంగ్‌స్టన్ హ్యూస్ 1926లో తెచ్చిన తొలి కవితా సంపుటి 'ద వేరీ బ్లూస్' అక్కడే చదివాను. బ్లూస్ చెవిన పడకముందే దాని దిగులు నాకు కాగితం మీద తెలిసింది. నువ్వు పదో తరగతిలో ఉండగా ఆ పుస్తకం గురించి నీకు చెప్పాను. పాటను మాత్రం నువ్వే వెతుక్కున్నావు, ఆ తర్వాత మౌత్ ఆర్గాన్ కొనుక్కున్నావు.

ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని నువ్వు నాకు చేసి చూపించింది ఇప్పటికీ గుర్తే. పది రంధ్రాలు, ఇరవై రీడ్లు. సి శ్రుతి వాద్యం తీసుకుని జి శ్రుతిలో పాట వాయించావు. అలా వాయిస్తే పాట ఊదడం మీద కంటే పీల్చడం మీదే ఎక్కువ నడుస్తుందని, పీల్చేటప్పుడు నాలుకనూ గొంతునూ సర్దుకుంటే స్వరం కిందికి జారుతుందని చెప్పావు. జర్మనీవాళ్లు తమ జానపద బాణీల కోసం చేసుకున్న వాద్యంలోంచి అమెరికా దక్షిణాదిన నల్లజాతివాళ్లు ఏడుపునూ రైలుకూతనూ పలికించారు. వాళ్లలో ఒకడైన లిటిల్ వాల్టర్ మైకునూ మౌత్ ఆర్గాన్‌నూ కలిపి దోసిట్లో బిగించి వాయించేవాడు. 1952లో అతని 'జూక్' అనే మాటల్లేని రికార్డు అక్కడి రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో మొదటి స్థానానికి వెళ్లింది. 1968లో పోయేనాటికి అతనికి 37 ఏళ్లే.

నువ్వు స్వరాన్ని అలా జార్చినప్పుడు నాకు గుర్తొచ్చినవాడు మాత్రం మన పాలకొల్లువాడు, మాండలిన్ శ్రీనివాస్. మాండలిన్ కూడా పరాయి దేశం నుంచి వచ్చిందే. మీటిన మరుక్షణం నాదం ఆరిపోతుంది, గమకం నిలవదు. ఆయన జంట తీగలు తీసేసి, ఎలక్ట్రిక్ మాండలిన్‌కు అయిదు ఒంటి తీగలు బిగించుకుని, దాని మీద కర్ణాటక సంగీతాన్ని పాడించాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ చేసినప్పుడు తొమ్మిదేళ్ల పిల్లవాడు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించి జాజ్ అభిమానులను కట్టిపడేశాడు. ఆయన క్యాసెట్లు నా దగ్గర అరిగిపోయేదాకా తిరిగాయి.

1998లో హైదరాబాద్‌లో ఆయన కచేరీకి టికెట్ కొన్నాను. వారం రోజులు దాన్ని చొక్కా జేబులోనే పెట్టుకు తిరిగాను. సరిగ్గా ఆ రోజే హనుమకొండ రమ్మని మీ నాన్నవాళ్ల కబురు. మీ అమ్మ సంబంధం ఖాయం చేసుకోవడానికి. మా నాయన అప్పటికే లేడు, ఇంటికి పెద్దవాణ్ని నేను. వెళ్లాను. టికెట్ సంగతి ఎవరికీ చెప్పలేదు. అక్కడ ఎవరేమడిగినా "మీ ఇష్టం" అన్నాను. భోజనం కెలికి లేచాను. తిరుగు రైలెక్కేదాకా ఎవరి మొహమూ సరిగ్గా చూడలేదు. పెళ్లయ్యాక కూడా ఆ ఇంటికి వెళ్లినప్పుడల్లా నాకు ఆ సాయంత్రమే మనసులో మెదిలేది.

తర్వాత ఆయన కచేరీలకు వెళ్లే వీలు దొరకలేదా అంటే, దొరికింది. ఒకసారి ఆఫీసు, ఒకసారి బద్ధకం, ఎప్పుడైనా వినొచ్చులే అన్న ధీమా. 2014 సెప్టెంబర్ 19న చెన్నైలో శ్రీనివాస్ పోయాడు. 45 ఏళ్లు. ఆ రాత్రి మీ నాన్న మా ఇంట్లోనే ఉన్నాడు. టీవీ ముందు నేను ఏడుస్తుంటే ఎందుకని అడిగాడు. పదహారేళ్ల కిందటి టికెట్ సంగతి అప్పుడు చెప్పాను. ఆయన చాలాసేపు పలకలేదు. "ఇన్నేండ్లు నేన్నీకు నచ్చలేదనుకున్న బావా" అన్నాడు. కాసేపాగి, "ఒక్క మాట జెప్తే తెల్లారి పెట్టుకుందుము గద" అన్నాడు.

కచేరీ పోయినందుకు కంటే, ఆయన్ను పదహారేళ్లు అలా అనుకోనిచ్చినందుకే నాకు ఎక్కువ బాధ, అమ్మలూ.

నువ్వు హనుమకొండ వెళ్లడం సరైనదేనని నా అభిప్రాయం. నిన్ను పెంచిన మనిషి, మొదటి ఏడాది. కానీ ఇంటి పిలుపులన్నీ ఒక్క బరువువి కావు. దూరపు చుట్టాల గృహప్రవేశానికో సత్యనారాయణ వ్రతానికో నీ కచేరీ వదులుకోనక్కర్లేదు. రానని చెప్పు, మీ అమ్మ కోప్పడితే నేను మాట్లాడతాను. తిథి ఏటా పది పదకొండు రోజులు ముందుకొస్తుంది, అధికమాసం పడితే వెనక్కి పోతుంది. అందుకని ఉగాదికి పంచాంగం రాగానే ఇంట్లో తప్పనిసరి తిథులేవో చూసుకుని నీ క్యాలెండర్లో రాసిపెట్టుకో. నీ కచేరీల తేదీలు తెలిసిన రోజే ఇంటి గోడ క్యాలెండర్ మీద కూడా రాసిరా, మీ నాయనమ్మ పాలలెక్క రాసుకునేది చూడు, అంత పెద్దగా.

ఇక ముఖ్యమైన పని. నువ్వేదో ప్రోగ్రాం మానుకుని వచ్చావని తప్ప మీ అమ్మానాన్నలకు ఇంకేమీ తెలియదు. ఆ కళాకారుడెవరో, ఎన్నాళ్లుగా ఎదురుచూశావో, టికెట్‌కు డబ్బులు ఎలా కూడబెట్టావో కూర్చోబెట్టి చెప్పు. నిందలా చెప్పకు. అలాగని నవ్వేసి తేలిక చేసి కూడా చెప్పకు, అప్పుడు వాళ్లకు అందదు. ఏడుపొస్తే రానీ.

వచ్చే ఆదివారం మీ నాన్న కళ్ల పరీక్షకు తార్నాక వస్తున్నాడు, మధ్యాహ్నం ఇక్కడే భోజనం. నువ్వూ పన్నెండింటికల్లా వచ్చెయ్యి. మౌత్ ఆర్గాన్ మర్చిపోకు. నువ్వు వాయించడం ఆయన ఇప్పటిదాకా ఒక్కసారి కూడా వినలేదట, ఫోన్‌లో అడిగాను.

అత్తయ్య పచ్చిపులుసు చేస్తానంది.

మీ మామయ్య