పెరటి చెట్టు, ఫోన్‌లోని పులి

పిల్లలూ!

అమ్మకో నాన్నకో బదిలీ అయినప్పుడల్లా మీరు కొత్త ఊరికి, కొత్త బడికి వస్తారు. ఉపాధ్యాయులమైన మా సంగతీ అంతే. ఎన్ని ఊళ్లు మారినా గిన్నెలు, పుస్తకాలు, మంచాలు లారీ ఎక్కుతాయి. కిటికీ బయటి చెట్టు మాత్రం ఎక్కదు. ఈ పాఠం ఆ చెట్టు గురించే.

పుదుచ్చేరిలోని సారంలో ఆరో తరగతి తెలుగు పిల్లలతో ఒకరోజు మేము టాబ్లెట్ తెరిచాం. బల్లల మధ్య పెద్దపులి నిలబడింది! కెమెరాలో మా తరగతి గది నిజంగానే కనబడుతోంది. అందులో పులి ఒక్కటే లేనిది. ఇలా ఉన్న దృశ్యానికి లేని బొమ్మను జోడించి చూపడాన్ని ఆగ్మెంటెడ్ రియాలిటీ అంటారు. 2019లో గూగుల్ తన సెర్చ్‌లో ఇలా జంతువులను చూపే సదుపాయం తెచ్చింది. 2016లో పిల్లలు వీధుల వెంట వెతికిన పోకెమాన్ గో ఆట కూడా ఈ కోవలోదే.

ఇది ఎలా పనిచేస్తుంది?

ముందుగా కెమెరా నేల మీది గీతలను, మూలలను, మచ్చలను గుర్తిస్తుంది. ఫోన్ ఎటు కదిలిందో, ఎంత వంగిందో లోపలి సెన్సర్లు చెబుతాయి. ఈ రెండింటినీ కలిపి నేల ఎక్కడుందో, ఎంత దూరంలో ఉందో ఫోన్ లెక్క కడుతుంది. ఆ చోట బొమ్మను నిలబెడుతుంది. మనం దగ్గరికి వెళితే బొమ్మ పెద్దదవుతుంది, చుట్టూ తిరిగితే వెనక వైపు కనిపిస్తుంది. మచ్చా గీతా లేని తెల్లని నేల మీద, మసక వెలుతురులో ఫోన్ తడబడేది అందుకే.

దీనివల్ల లాభం ఉంది. పులి ఎంత పొడవో పుస్తకంలోని బొమ్మ చెప్పలేదు. మన బల్ల పక్కన నిలబడితే తెలుస్తుంది. అడవికి వెళ్లలేని పిల్లలకు, దగ్గరికి వెళ్లకూడని జంతువులకు ఇది మంచి సాధనం.

పులిని చూశాక ఒక అమ్మాయి చెయ్యెత్తింది. ఈ మధ్యే వేరే రాష్ట్రం నుంచి వచ్చింది. అప్పటిదాకా తరగతిలో పెద్దగా మాట్లాడింది లేదు. "మా పాత ఇంటి ముందు పనస చెట్టు ఉండేది టీచర్. దాన్ని కూడా ఇలా తేవచ్చా?" అని అడిగింది.

మేము ఉన్నమాటే చెప్పాం: "ఏదో ఒక పనస చెట్టును తేవచ్చమ్మా. మీ పనస చెట్టును తేలేం." ఆ అమ్మాయి తల దించుకుంది. తరగతి కాసేపు నిశ్శబ్దమైపోయింది.

మరునాడు టాబ్లెట్ బీరువాలో పెట్టి బయటికి నడిచాం. 2007లో పుదుచ్చేరి ప్రభుత్వం నాలుగింటిని తన గుర్తులుగా ఎంచుకుంది: ఉడుత, కోయిల, మారేడు చెట్టు, నాగలింగం పువ్వు. వాటిని వెతకడమే ఆనాటి పాఠం.

ఉడుత గోడ మీదే దొరికింది. వీపున మూడు చారలు. సేతువు కట్టేటప్పుడు సాయం చేసిన ఉడుతను రాముడు నిమిరిన గుర్తులని మన కథ. ఉడుతాభక్తి అనే మాట అక్కడిదే. తమిళ పిల్లలు దాన్ని అణిల్ అన్నారు, హిందీ పిల్లలు గిలహరీ అన్నారు. మూడేసి ఆకులున్న మారేడును విల్వం, బేల్ అన్నారు. కోయిల గొంతు వినిపించింది కానీ పిట్ట కనబడలేదు. కూ అని కూసేది నల్లని మగ కోయిల. ఆడది గోధుమ రంగులో తెల్లని చుక్కలతో ఉంటుంది. అది కాకి గూట్లో గుడ్లు పెడుతుంది.

చివరికి నాగలింగం చెట్టు దగ్గరికి చేరాం. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన చెట్టిది. పూలు కొమ్మల చివర కాక మొదలుకే పూస్తాయి. పువ్వు మధ్యలో శివలింగం మీద పడగ పట్టినట్టు ఉంటుంది. అందరూ వాసన చూస్తుంటే ఆ అమ్మాయి ముందుకొచ్చి, "మా పనసకూ ఇలాగే మొదలుకే కాసేవి టీచర్!" అంది. ఆ తరువాత తన చెట్టు గురించి ఆగకుండా చెప్పింది. ఏ కొమ్మ ఎక్కేదో, బంక చేతికి అంటితే అమ్మ నూనె రాసి ఎలా తీసేదో అంతా చెప్పింది. ఫోన్ తేలేని చెట్టును ఆ పిల్ల తెలుగు మాటల్లో మా ముందు నిలబెట్టింది.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత. దగ్గర ఉన్నదాన్ని మనం పట్టించుకోమని దాని భావం. ఫోన్‌లోని పులి ఏ ఊరికి వెళ్లినా మీ వెంట వస్తుంది, దాన్ని ఎప్పుడైనా చూడవచ్చు. కిటికీ బయటి చెట్టును మాత్రం బదిలీ ఉత్తర్వు వచ్చేలోపే చూడాలి.

మీరు చేయవలసినవి

1. మీ ఇంటికి దగ్గరలోని ఒక చెట్టును ఎంచుకోండి. దాని పేరు తెలుగులో, మీ ఊరి భాషలో, హిందీలో అడిగి రాయండి.
2. వారానికొకసారి దాని ఆకు, పువ్వు, వాసన, దాని మీద వాలిన పిట్టల గురించి నాలుగు వాక్యాలు రాయండి.
3. పెద్దల ఫోన్‌లో ఏదైనా జంతువును ఇలా చూసి, ఫోన్ చూపలేనివి మూడు చెప్పండి.
4. మీరు వదిలి వచ్చిన ఊళ్లోని ఒక చెట్టు గురించి పది వాక్యాలు రాసి, తరగతిలో చదవండి.