ఈసారికి ఒక్క ఊరు చాలు, చెల్లాయ్!

మొన్న ఆదివారం మా చెల్లాయి తాడేపల్లిగూడెంలో పొద్దున్నే రైలెక్కి ఏలూరులో దిగింది. చేతిలో సంచీ నిండా ఉల్లిపాయలు. గూడెంలో కాపరం ఉంటూ ఉల్లిపాయలు లేకుండా అక్క గడప తొక్కితే ఆ ఊరి ఉల్లి మార్కెట్టు పరువు పోతుందని దాని నమ్మకం. సంచీ గుమ్మంలో దింపి, చెప్పులు కూడా విడవకుండా, “అక్కా, నేనింక రాయను” అంది.

ఏం రాయదో చెప్పాలి కదా మీకు. మా చెల్లాయి తెలుగు వికీపీడియాలో రాస్తుందర్రా. పిల్లలు పడుకుని, వంటిల్లు సర్దుకున్నాక రాత్రి పదింటికి కూర్చుంటుంది. జీతం లేదు, బత్తెం లేదు. 2003 డిసెంబరులో మొదలైన ఆ విజ్ఞాన సర్వస్వంలో ఇవాళ లక్షకు పైగా వ్యాసాలున్నాయంటే, ఇలాంటి రాత్రులు ఎంతమందివి ఎన్ని కలిస్తే అయిందో చూసుకోండి. మరిదిగారు “ఎవరికోసం ఇదంతా?” అంటే, “మన పిల్లలకి వాళ్ళ ఊరు తెలుగులో కనపడొద్దూ?” అనేది. ఆ జవాబు నాకు భలే నచ్చేది.

దీని తంటా అంతా 2022 ఏప్రిల్ 4న మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు జిల్లాలు ఇరవై ఆరయ్యాయి. నిన్నటిదాకా పశ్చిమ గోదావరికి ముఖ్యపట్టణంగా ఉన్న ఏలూరు, తెల్లారేసరికి తన పేరుతోనే జిల్లా అయి కూర్చుంది. పశ్చిమ గోదావరి పెత్తనం భీమవరానికి వెళ్ళింది. కైకలూరు, మండవల్లి, కలిదిండి, ముదినేపల్లి కృష్ణా జిల్లాని వదిలి మా వైపు వచ్చాయి. కొల్లేటికోట పెద్దింట్లమ్మకి కూడా జిల్లా మారింది. అమ్మవారు ఏమీ అనుకున్నట్టు లేదు గానీ, మా చెల్లాయికి మాత్రం నిద్ర పోయింది.

ఎందుకంటే అక్కడ ప్రతి ఊరికీ ఒక పేజీ. పేజీ పేజీకీ వెళ్ళి జిల్లా పేరు మార్చాలి, పాత జిల్లా ఏదో ఒక వాక్యంలో ఉంచాలి, పటం మార్చాలి, మండలం పేజీ చూడాలి, నియోజకవర్గం పేజీ చూడాలి. 2016 అక్టోబరులో తెలంగాణలో పది జిల్లాలు ముప్పై ఒకటైనప్పుడూ ఇదే చాకిరీ. కొంత పని బాట్లు చేస్తాయిలే. బాట్ అంటే చెప్పిన పని చెప్పినట్టు వేలసార్లు చేసే ప్రోగ్రాము. అది తప్పు చేసినా వేలసార్లు చేస్తుంది కాబట్టి వెనకాల మనిషి కళ్ళు పెట్టుకుని కూర్చోవాల్సిందే.

రోజుకి పది ఊళ్ళు అనుకుంది. పది ఇరవై అయ్యాయి. ఆకివీడు పశ్చిమ గోదావరిలోనే ఉండిపోయింది, పక్కనున్న కైకలూరు ఇటొచ్చింది, మధ్య ఊళ్ళు ఎక్కడ కలగాపులగం చేశానో అని రాత్రి రెండింటికి లేచి చూసుకునేది. అన్నం దగ్గర కూడా ఊళ్ళ పేర్లే. అది గొణుగుతుంటే పిల్లలు ఎక్కాలు చదువుతోందనుకునేవాళ్ళు!

ఆ ఒంటి బడలిక మీదే ఇంకో దెబ్బ. మా అమ్మ పుట్టిన లంక గ్రామం గురించి, తాతయ్య చెప్పిన కబుర్లన్నీ పోగేసి పెద్ద వ్యాసం రాసింది. మూలాలు లేవని ఎవరో గుర్తు పెట్టారు. పెట్టినవాళ్ళ తప్పేం లేదు. తాతయ్య చెప్పాడంటే మనకి వేదం, లోకానికి కాదు కదా! మామూలు రోజైతే అదే నవ్వుకుని ఏ పాత గెజిటీరో వెతికేది. బాగా అలసిపోయి ఉందేమో, “మూలం ఏది?” అన్న మాట “నువ్వు అబద్ధాలు చెబుతున్నావు” అన్నట్టు వినపడింది. కాఫీ గ్లాసు పట్టుకుని ఏడ్చేసింది పిచ్చిపిల్ల.

దీన్ని ఇప్పుడు బర్నౌట్ అంటున్నారు, ఆఫీసుల జబ్బు అనుకుంటాం. ఆ మాటని వైద్యంలోకి తెచ్చిన హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ 1974లో రాసింది న్యూయార్కులో ఒక ఉచిత వైద్యశాల గురించి. అక్కడ ఇష్టంకొద్దీ పనిచేసేవాళ్ళని చూసి రాశాడు. పగలు తన ప్రాక్టీసు, రాత్రి అక్కడ సేవ. తనూ అలాగే డస్సిపోయాడట. నాకు ఆశ్చర్యమేం కాలేదు. జీతానికి చేసేవాడు సాయంత్రం తాళం వేసి ఇంటికి పోతాడు. ఇష్టానికి చేసేవాళ్ళకి తాళంచెవి ఎవరిస్తారమ్మా? ఇల్లాళ్ళకి ఈ సంగతి వేరే చెప్పాలా!

మా చెల్లాయేమో కొమర్రాజు లక్ష్మణరావుగారి భక్తురాలు. “ఆయన అంత చేస్తే నేనీ మాత్రం చెయ్యలేనా?” అని ఎదురు వాదన. నిజమే, మునగాల సంస్థానం దివానుగిరీ చూసుకుంటూ, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి, ఆ తర్వాత ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తలకెత్తుకున్నాడు మహానుభావుడు. మూడు సంపుటాలు వచ్చినా ‘అ’ అక్షరం దాటలేదు. 1923లో నలభై ఆరేళ్ళకే పోయాడు. సాయంపట్టినవాళ్ళున్నా బరువంతా ఆయనదే. “ఒక్కరి నెత్తిన పెడితే ‘అ’ దగ్గరే ఆగుతుందే. లక్షమంది కలిసి రాసుకునేట్టు కట్టిన ఇంట్లో కూర్చుని మళ్ళీ నువ్వొక్కదానివే మొయ్యడం దేనికి?” అన్నాను. ఆయనకీ ఒక అక్క ఉండేది. భండారు అచ్చమాంబ. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ పేరుతో స్త్రీల జీవితాలు పోగేసి రాసిన మనిషి. తమ్ముడి కంటే ముందే, 1905లో ముప్పై ఏళ్ళకే వెళ్ళిపోయింది. ఆవిడ ఉండుంటే “చాల్లేరా, ఇక పడుకో” అని దీపం తగ్గించేదేమోనని నాకెప్పుడూ అనిపిస్తుంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక దాన్ని కొల్లేటి సరస్సు దగ్గరి ఆటపాక తీసుకెళ్ళాను, గూడబాతులు చూద్దామని. పడవెక్కామో లేదో మొదలెట్టింది. అభయారణ్యం ప్రకటించింది 1999లో అక్కా, అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు, రాంసార్ గుర్తింపు 2002లో... పడవబ్బాయి తెడ్డు ఆపి మరీ వింటున్నాడు. ఇంక రాయనన్న మనిషి! బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు అన్నీ కొల్లేట్లోకే వస్తాయని, బయటికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటేనని, ఆ దారి పూడితే లంక ఊళ్ళు మునుగుతాయని అదే చెప్పింది. “మరి నీ ఉప్పుటేరు ఏదే?” అన్నాను. కాసేపు మాట్లాడలేదు.

రాత్రి రైలెక్కేలోగా ఇద్దరం కూర్చుని ఒప్పందం చేసుకున్నాం. వారానికి రెండు రాత్రులే. పదకొండు దాటకూడదు. పరీక్షల నెలలో సెలవు అని తన వాడుకరి పేజీలో బోర్డు పెట్టెయ్యాలి, ఎవరికీ సంజాయిషీ అక్కర్లేదు. అన్నిటికంటే కష్టమైంది చివరిది: రచ్చబండలోకి వెళ్ళి “ఈ మండలం నావల్ల కావట్లేదు, ఎవరైనా అందుకోండి” అని రాయడం. వికీపీడియా వాళ్ళ చర్చావేదిక పేరు నిజంగా రచ్చబండే. అది రాయడానికి దీనికి అరగంట పట్టింది. రెండోరోజు ఫోను చేసింది, మొహమైనా తెలీని ఒకాయన సగం ఊళ్ళు దిద్దేశాడట. “నేను చేసినంత శుభ్రంగా లేవక్కా” అని సణిగింది కూడా. ఆ సణుగుడు విని నాకు ధైర్యం వచ్చింది, మనిషి తేరుకుంటోందని.

మీరూ ఓసారి మీ పుట్టింటి ఊరి పేజీ తెరవండి. జిల్లా పేరు కొత్తదే ఉందా, పాతదే ఉందా చూడండి. తప్పుంటే దిద్దండి. పక్క ఊరు కూడా తప్పుగా కనిపిస్తే చెయ్యి దురద పెడుతుంది, తెలుసు. దాన్ని ఆ ఊరి ఆడపడుచుకి వదిలేసి, మీరు పడుకోండి.