ఇన్‌టేక్ కొనే ముందు కొలిచి చూడు

చి॥ వంశీకి,

నీ వర్టస్ 1.5 టీఎస్ఐకి బయట దొరికే ఓపెన్ ఫిల్టర్ ఇన్‌టేక్ వేయిద్దామనుకుంటున్నావని, ఆర్డరు పెట్టేముందు నా మాట అడుగుతున్నావని రాశావు. సూటిగానే చెబుతాను. ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్, అంటే ఈసీయూలో కంపెనీ మ్యాప్ ఉన్నంతకాలం ఆ డబ్బు దానిమీద పెట్టకు. కారణం కూడా వివరంగా రాస్తున్నాను. అది నీకు బోధపడితే, ఇన్‌టేక్ నిజంగా అవసరమయ్యే రోజు వచ్చినప్పుడు నన్ను అడగక్కర్లేదు.

అమ్మేవాళ్లు చెప్పేది వినడానికి బాగుంటుంది, అందులో సగం నిజం కూడా. ఇంజిన్ గాలి పీల్చే దారిలో అడ్డు తగ్గితే బలం పెరుగుతుందంటారు. టర్బో లేని ఇంజిన్‌కి ఈ మాట సరిపోతుంది. టర్బో ఇంజిన్‌లో మాత్రం గాలికీ బలానికీ మధ్య ఈసీయూ కూర్చుని ఉంటుంది. నువ్వు యాక్సిలరేటర్ తొక్కితే ఎంత టార్క్ ఇవ్వాలో, దానికి మానిఫోల్డ్‌లో ఎంత ప్రెషర్ కావాలో అదే నిర్ణయిస్తుంది. అంత వచ్చేదాకా, ఎగ్జాస్ట్‌ను టర్బో పక్కనుంచి వదిలేసే వేస్ట్‌గేట్‌ను మూసి ఉంచుతుంది, వచ్చాక తెరుస్తుంది. నీ కారు బ్రోచర్ తీసి చూడు: 1,600 నుంచి 3,500 ఆర్‌పీఎం దాకా 250 న్యూటన్ మీటర్లు, ఒకటే అంకె. గాలి ఎంత దొరికితే అంత బలం ఇచ్చే ఇంజిన్‌కి టార్క్ అలా గీత గీసినట్టు రాదు. అక్కడ టర్బో ఇంకా ఇవ్వగలదు, ఈసీయూ వద్దంటోంది. అలాంటిచోట ఫిల్టర్ మారిస్తే ఒరిగేదేముంది?

దీనికి మన దగ్గరే మంచి రుజువుంది. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది. విశాఖ తీరంలో గాలి ఒత్తిడి సుమారు 1,010 మిల్లీబార్లుంటే, హైదరాబాదులో 950 దరిదాపుల్లో ఉంటుంది. మానిఫోల్డ్‌లో 1,800 మిల్లీబార్లు కావాలని ఈసీయూ అడిగిందనుకో. విశాఖలో టర్బో గాలిని 1.78 రెట్లు నొక్కితే చాలు, ఇక్కడ 1.89 రెట్లు నొక్కాలి. కంపెనీ ఎయిర్‌బాక్స్‌లో మరో 20 మిల్లీబార్లు పోయాయనుకుంటే 1.94 రెట్లు. అంటే ఊరు మారితే పోయే 60 మిల్లీబార్లను కిమ్మనకుండా పూడ్చుకుంటున్న టర్బో, ఎయిర్‌బాక్స్‌లో పోయే 20కి ఊపిరాడక అల్లాడుతోందని నమ్మమంటున్నారు నిన్ను.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటేయకూడదు. కంప్రెసర్‌కి ముందు పోయిన ఒత్తిడి, కంప్రెసర్ దాటాక రెట్టింపు నష్టంగా తేలుతుంది కాబట్టి అడ్డు తగ్గిస్తే టర్బో కారుకే ఎక్కువ లాభం కదా అంటారు. లెక్క తప్పు కాదు. అయితే ఆ లాభం వేస్ట్‌గేట్ పూర్తిగా మూసుకుపోయి ఉన్నచోటే కనబడుతుంది: కింద, టర్బో ఇంకా వేగం అందుకోని క్షణాల్లో, పైన, దాని సత్తా అయిపోయిన ఆర్‌పీఎంలో. కంపెనీ మ్యాప్ మీద నడిచే కారు టర్బో సత్తా అంచుదాకా వెళ్లేది చాలా అరుదు. స్టేజ్ 2 రీమ్యాప్ చేయించినా, పెద్ద టర్బో వేసినా కథ వేరు. అప్పుడు గాలి అవసరం బాగా పెరుగుతుంది, పాత ఎయిర్‌బాక్స్ నిజంగానే గొంతు నొక్కుతుంది. ఆ కారుకి మంచి ఇన్‌టేక్ వేయించడం దండగ అని నేననను.

ఇక వేడి సంగతి. బానెట్ కింద బిగించిన ఓపెన్ కోన్ ఫిల్టర్ పీల్చేది ఇంజిన్ బే గాలిని. కంపెనీ డక్ట్ గ్రిల్ వెనక నుంచి బయటి గాలి తెస్తుంది. మే నెలలో, అమీర్‌పేట సిగ్నళ్ల దగ్గర బయట 40 డిగ్రీలుంటే బానెట్ కింద 60 ఉండటం పెద్ద విషయం కాదు. కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకుని లెక్క వేస్తే, 40 డిగ్రీల గాలి దాదాపు 130తోనూ, 60 డిగ్రీల గాలి 156తోనూ బయటికొస్తాయి. లోపలికి వెళ్లేటప్పుడు 20 ఉన్న తేడా 26 అయింది. ఇంటర్‌కూలర్ చాలావరకు చల్లబరుస్తుంది, నిజమే. కానీ మిగిలిన వేడికి ఇంధనం వేళ కాని వేళ మండి నాక్ మొదలైతే ఈసీయూ ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి జరుపుతుంది, నువ్వు డబ్బిచ్చి కొనుక్కున్న బలం అక్కడే పోతుంది. డైనో షీట్లలో పెరిగిన హార్స్‌పవర్ చూపిస్తున్నారు కదా అంటావు. ఆ వీడియోల్లో బానెట్ ఎత్తి ఉందో లేదో, ముందు పెద్ద ఫ్యాను తిరుగుతోందో లేదో గమనించు. అలా నడిపితే కోన్ ఫిల్టర్‌కున్న పెద్ద లోపం కొలతలోకే రాదు.

శబ్దం మాత్రం మారుతుంది. కంపెనీ పెట్టిన రెసొనేటర్ తీసేస్తే టర్బో ఈల, డైవర్టర్ వాల్వ్ బుస్సుమనడం స్పష్టంగా వినిపిస్తాయి. అది నచ్చడంలో తప్పేమీ లేదు, దానికోసమే కొంటున్నానంటే నేను వాదించను. చప్పుడును వేగమనుకుని మాత్రం కొనకు.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది దుమ్ము. నిమిషానికి లక్షన్నర చుట్లకు పైగా తిరిగే టర్బో అల్యూమినియం చక్రం ముందు నిలబడి ఉన్నది ఆ ఫిల్టర్ ఒక్కటే. గాలి సులువుగా పోనిచ్చే జాలీ, సన్నటి ఇసుకను కూడా సులువుగా పోనిస్తుందేమో అడిగి తెలుసుకో. ఐఎస్ఓ 5011 పరీక్ష ఫలితం చూపించలేని ఫిల్టర్‌ను ముట్టుకోకు. రేసు కార్లకు ఓపెన్ ఫిల్టర్లే ఉంటాయంటారు. ఆ ఇంజిన్లను తరచూ విప్పి బాగు చేస్తారు, నీది లక్ష కిలోమీటర్లు నడవాలి. ఫిల్టర్‌ను బంపర్ లోపలికి దించే కోల్డ్ ఎయిర్ కిట్‌లో వేడి బాధ తగ్గుతుంది, వాన బాధ మొదలవుతుంది. 2020 అక్టోబరులో హైదరాబాదు రోడ్ల మీద నిలిచిన నీళ్లు గుర్తుంచుకో. సిలిండర్‌లోకి నీరు వెళ్తే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది, ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ లేని ఇన్సూరెన్సు దానికి సాధారణంగా పైసా ఇవ్వదు. వారంటీ క్లెయిముకు వెళ్లినప్పుడు సర్వీస్ సెంటర్ మొదట వేలెత్తి చూపేది కూడా ఆ ఇన్‌టేక్‌నే.

ఇంత చెప్పినా మనసు ఒప్పుకోకపోతే, ఓబీడీ అడాప్టర్ ఒకటి తీసుకుని డైనో మీద, బానెట్ మూసి, మూడో గేరులో లాగించి లాగ్ తీయి. నాలుగు అంకెలు చాలు: ఈసీయూ అడిగిన బూస్ట్, వచ్చిన బూస్ట్, వేస్ట్‌గేట్ స్థానం, ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత. 5,500 ఆర్‌పీఎం దగ్గర వేస్ట్‌గేట్ పూర్తిగా మూసుకుని కూడా అడిగిన బూస్ట్ రాకపోతే, ముందు పైపుల్లో లీకులున్నాయేమో చూపించి, కొత్త పేపర్ ఫిల్టర్ వేయించి మళ్లీ తీయి. అప్పటికీ రాకపోతే ఆ లాగ్ నాకు పంపు. మూసి ఉన్న పెట్టెతో, కంపెనీ డక్ట్‌కే బిగిసే ఇన్‌టేక్ ఏది మంచిదో కలిసి చూద్దాం.

అక్కనూ బావనూ అడిగానని చెప్పు.

నీ మావయ్య