హ్యాకర్ అల్లరి పిల్లవాడా, దొంగా?

"హ్యాకర్లంటే మీ బ్యాంకువాళ్ళకి ఊరికే భయం నాన్నా. వాళ్ళు తెలివైన కుర్రాళ్ళు, అంతే!" అన్నాడు ఇంటర్ చదివే మా అబ్బాయి, భోజనాల దగ్గర. వాడి మాటలో కొంత నిజం లేకపోలేదు. 1960 ప్రాంతాల్లో అమెరికాలోని ఎంఐటీలో హ్యాకర్ అంటే, యంత్రం లోపల ఏముందో చూడందే నిద్రపట్టని విద్యార్థి. నేటికీ లోపాలు కనిపెట్టి చెప్పినవారికి పెద్ద కంపెనీలే బహుమతులిస్తున్నాయి.

అయితే దురుద్దేశం లేకపోతే నష్టం ఉండదా? 1988 నవంబరు 2న రాబర్ట్ మోరిస్ అనే కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి ఒక చిన్న ప్రోగ్రామును ఇంటర్నెట్‌లోకి వదిలాడు. డబ్బు కాజేయడం, ఫైళ్ళు చెరపడం దాని పని కాదు. కానీ అతని లెక్క తప్పి, అది ఒకే కంప్యూటర్లోకి మళ్ళీమళ్ళీ చేరుతూ వేల యంత్రాలను స్తంభింపజేసింది. కోర్టు 3 ఏళ్ళ ప్రొబేషన్, 400 గంటల సమాజసేవ, 10,050 డాలర్ల జరిమానా విధించింది. తర్వాత ఎంఐటీలోనే ప్రొఫెసరయ్యాడు. మా వాడికి నచ్చింది ఈ చివరి ముక్కే!

అందుకే బంగ్లాదేశ్ బ్యాంకు సంగతి చెప్పాను. అది ఆ దేశానికి మన రిజర్వు బ్యాంకు లాంటిది. 2015లో అక్కడి సిబ్బందికి ఉద్యోగం కోరుతున్నట్టు ఈమెయిళ్ళు వచ్చాయి. వాటి ద్వారా లోపలికి చేరిన దొంగలు నెలల తరబడి చప్పుడు చేయలేదు. ఆ మే నెలలోనే మనీలాలోని ఒక బ్యాంకు శాఖలో 500 డాలర్ల చొప్పున ఖాతాలు తెరిపించి ఉంచారు. 2016 ఫిబ్రవరి 4, గురువారం రాత్రి, బంగ్లాదేశ్ బ్యాంకు పేరుతో న్యూయార్క్ ఫెడరల్ రిజర్వుకు 35 స్విఫ్ట్ సందేశాలు వెళ్ళాయి. అడిగిన మొత్తం 95 కోట్ల 10 లక్షల డాలర్లు.

గురువారమే ఎందుకు? ఢాకాలో శుక్ర, శనివారాలు సెలవు. న్యూయార్క్‌లో శని, ఆదివారాలు. సోమవారం మనీలాలో చైనా కొత్త సంవత్సరం సెలవు. మనం ఊరెళ్ళడానికి క్యాలెండర్ చూసుకున్నట్టే వాళ్ళూ చూసుకున్నారు. స్విఫ్ట్ సందేశాలను అచ్చువేసే ప్రింటర్ శుక్రవారం పనిచేయలేదు. మామూలు రిపేరే అనుకున్నారు అక్కడివాళ్ళు. మనమైనా అంతే అనుకుంటాం కదా!

30 సందేశాలు న్యూయార్క్‌లోనే ఆగాయి. శ్రీలంక వెళ్ళిన 2 కోట్ల డాలర్లు తిరిగొచ్చాయి. 'ఫౌండేషన్' అనే మాటను దొంగలు 'ఫాండేషన్' అని రాయడంతో డాయిష్ బ్యాంకుకు అనుమానం వచ్చింది. 8 కోట్ల 10 లక్షలు మాత్రం మనీలా చేరాయి.

"మరి మనింటి సంగతి?" అంది మా ఆవిడ. మనింటికొచ్చే దొంగ చాలాసార్లు కంప్యూటర్ జోలికే పోడు. కేవైసీ అని ఫోన్ చేసి, ఓటీపీ మన నోటితోనే చెప్పిస్తాడు. పొరపాటున చెప్పేస్తే, ఎవరేమనుకుంటారో అని కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి. డబ్బు ఇంకా దొంగ ఖాతాలో ఉంటే ఆపే వీలుంటుంది. చెల్లింపు ఆపమన్న ఢాకా సందేశం మనీలా చేరేసరికి అక్కడ సెలవు. మర్నాడు, మంగళవారం, ఆ ఖాతాల్లోంచి డబ్బు తీసేశారు.