రోహిణి కార్తెకు నిలిచే పలక

డ్యాష్‌బోర్డు అన్న మాట మోటారు వాహనాలకంటె పాతది. గుర్రబ్బండ్ల కాలంలో గుర్రపు గిట్టల నుండి ఎగిరిన బురద బండి తోలేవాని మీద పడకుండా ఎదుట అడ్డంగా నిలిపిన చెక్కకో, తోలుపట్టకో ఆ పేరు ఉండేది. కార్లు వచ్చిన తరువాత గుర్రం పోయింది, బురద పోయింది, పేరు మాత్రం నిలిచింది. వేగాన్ని చూపే మీటరు, దీపాల స్విచ్చులు, ఇంధనపు ముల్లు, వీటన్నింటికీ ఆ పలకే ఆధారమైనది.

పెద్ద కర్మాగారాలలో ఈ పలకను ప్లాస్టిక్‌తో అచ్చులో పోస్తారు. సొంతంగా వాహనాన్ని కూర్చుకొనేవారికి ఆ సౌకర్యం లేదు. విడిభాగాలను కొనితెచ్చి ఇంటి షెడ్డులోనే బిగించుకొనే కారును ‘కిట్ కారు’ అంటారు. 1957లో ఇంగ్లాండులో వెలువడిన లోటస్ సెవెన్ ఈ రకానికి ప్రసిద్ధమైన ఉదాహరణ. మన దేశంలో ఆ అలవాటు బలపడలేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం క్రింద రిజిస్ట్రేషను లేని బండి రహదారి ఎక్కరాదు. రిజిస్ట్రేషను పొందిన బండినైనా ఇష్టం వచ్చినట్లు మార్చుకొనుటకు 52వ సెక్షను ఒప్పుకొనదు. అయినను చేతితో కార్లను నిర్మించిన తెలుగువారు లేకపోలేదు. హైదరాబాద్‌లో బహదూర్‌పురా వద్ద 2010లో ప్రారంభమైన సుధా కార్ల మ్యూజియంలో కె. సుధాకర్ తయారుచేసిన వింత ఆకారపు కార్లను నేటికీ చూడవచ్చు.

అయితే ఈ విద్యకు మన ప్రాంతంలో అసలు పాఠశాల లారీ క్యాబిన్. పూర్వం లారీ కంపెనీలు ఇంజనును, చక్రాలను, చట్రాన్ని మాత్రమే అమ్మేవి. డ్రైవరు కూర్చునే గదిని, వెనుక తొట్టిని బాడీ బిల్డింగ్ షెడ్లలో వడ్రంగులు నిర్మించేవారు. విజయవాడ ఆటోనగర్ ఈ పనికి పేరు పొందినది. పిడుగురాళ్ల సున్నాన్ని, మాచర్ల వైపు సిమెంటును, పల్నాటి మిరపను గుంటూరు యార్డుకు మోసిన లారీలలో ఇట్టి చెక్క క్యాబిన్లు ఎన్నో. నేడు చాలా లారీలు కంపెనీ క్యాబిన్‌తోనే వస్తున్నందున ఆ పని తగ్గినది. ఆ మేస్త్రీలకు తెలిసిన లోకజ్ఞానం మాత్రం పాతబడలేదు.

పల్నాడులో ఈ పలకకు మొదటి శత్రువు ఎండ. రాష్ట్రంలో వేసవి ఉష్ణోగ్రతల ప్రస్తావన వచ్చినప్పుడల్లా రెంటచింతల పేరు వినబడుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దల మాట. బయట గాలికంటె అద్దం వెనుకనున్న పలక ఇంకా ఎక్కువగా కాలుతుంది. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో జరిపి 2018లో వెలువరించిన ఒక పరిశీలనలో, వేసవిలో గంటసేపు ఎండలో నిలిపిన కార్ల డ్యాష్‌బోర్డులు సగటున 69 డిగ్రీల సెల్సియస్‌కు చేరినవి. కాబట్టి దుకాణంలో వస్తువు ఎంత నునుపుగా ఉన్నదని కాక, డెబ్బై డిగ్రీల వద్ద ఎట్లుంటుందని అడగవలసి ఉన్నది.

అల్యూమినియం రేకును చూడండి. తేలిక, తుప్పు పట్టదు, కత్తిరించుట సులభం. కాని ముప్పై డిగ్రీల వద్ద బిగించిన మీటరు పొడవు రేకు డెబ్బై డిగ్రీలకు చేరితే దాదాపు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. ఒక్క మిల్లీమీటరే కదా అనిపించవచ్చు. రెండు చివరలను కదలకుండా బిగించితే ఆ పెరుగుదలకు దారి లేక రేకు మధ్యలో ఉబ్బుతుంది. లెక్క కట్టితే ఆ ఉబ్బు రెండు సెంటీమీటర్లకు కొంచెం తక్కువ! అందువలన అనుభవజ్ఞులు ఒక చివర గుండ్రని రంధ్రం, రెండవ చివర కోలగా సాగిన రంధ్రం వేస్తారు. రేకు ఆ సందులో జరుగుతుంది.

చెక్క ఇందుకు భిన్నం. వేడికి దాని పొడవు పెద్దగా మారదు, తేమకు మాత్రం అడ్డంగా ఉబ్బి, ఎండకు కుంచించుకొనును. పచ్చికొయ్యను వాడితే మొదటి వేసవికే నెర్రె విడుస్తుంది. బాగా ఆరిన టేకు నమ్మదగినది, ధర మాత్రం అందరికీ అందదు. ప్లైవుడ్‌లో పలుచని పొరలను ఒకదాని నార మరొకదానికి అడ్డంగా ఉండునట్లు అతికించుటచే ఆ కదలిక అణగుతుంది. అందులోను నీటికి విడిపోని జిగురుతో చేసిన రకాన్నే ఎంచుకొనవలెను. మెరైన్ ప్లైవుడ్‌పై ఐ.ఎస్. 710 అన్న గుర్తు ఉంటుంది. కోసిన అంచులకు వార్నిష్ పట్టించకపోతే ఆ గుర్తు వలన కలిగిన లాభం సగం పోతుంది.

ఫైబరు మీద యువకులకు మోజు ఎక్కువ. గాజు నారను రెజిన్‌తో తడిపి ఏ వంపునైనా తేవచ్చు. కాని సాధారణ రెజిన్ పూర్తిగా గట్టిపడకపోతే ఎండకు మెత్తబడి వాసన విడుస్తుంది. దానిలో కలిపే హార్డెనర్ కంటిలో పడితే చూపుకే ప్రమాదం. దానిని త్వరగా గట్టిపరచే కోబాల్ట్ ద్రవంతో నేరుగా కలిపితే పేలవచ్చు. గరుకు కాగితంతో రుద్దునప్పుడు లేచే గాజు ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. కళ్లద్దాలు, చేతితొడుగులు, ముక్కుకు మాస్కు లేనిచో ఆ పనికి దిగకపోవుటే మేలు.

పాలిటెక్నిక్‌లో చదివే రోజులలో మేము నలుగురు మిత్రులం పాత ఆటో ఇంజనుతో ఒక చిన్న నాలుగు చక్రాల బండిని కట్టితిమి. ముందు గాజు అద్దం పెట్టి, దాని క్రింద పలకకు అద్దంవలె మెరిసే తెల్లని సన్‌మైకా అతికించినాము. అందరూ మెచ్చుకొన్నారు. మధ్యాహ్నం మైదానంలో నడిపినప్పుడు ఆ తెలుపు ఎదుటి అద్దంలో ప్రతిఫలించి కళ్లు చెదరినవి. జెండా పట్టుకొని నిలుచున్న మిత్రుడు నాకు కనబడలేదు. అతడు పక్కకు దూకినందున బతికినాడు. బ్రేకు వేసిన కుదుపుకు నా మోకాలు పలక అంచుకు తగిలి చీరుకొనిపోయినది. సన్‌మైకా అంచు కత్తివంటిదని అప్పుడే తెలిసినది.

బండిని మా ఊరి లారీ మేస్త్రీకి చూపితిమి. ఆయన పలకను వేలితో తడిమి, “బాబూ, ఇది పెళ్లిపందిట్లో పెట్టుకొనే వస్తువు. డ్రైవరు కంటిముందు నల్లగా, మెరుపు లేకుండా ఉండాలి,” అన్నారు.

“రెగ్జిన్ వేయమంటారా, మేస్త్రీగారూ?”

“వెయ్యండి. ముందు ఒక ముక్క కోసి ఆరుబయట అంటించి చూడండి. పటపటమని మండిపోతే వద్దు. లోపల కరెంటు తీగలున్నాయి గదా!”

ఆ మాటలో ఎంత సత్యమున్నదో తరువాత చదివినప్పుడు గ్రహించినాను. కారు లోపలి వస్తువుల గురించి అమెరికాలో అమలులో ఉన్న 302వ ప్రమాణం, మంట నిమిషానికి 102 మిల్లీమీటర్లకు మించి పాకరాదని చెబుతుంది. ఐరోపా నిబంధన ప్రకారం తల తగిలే చోటనున్న అంచుల గుండ్రదనపు వ్యాసార్ధం 2.5 మిల్లీమీటర్లకు తక్కువ ఉండరాదు. మేస్త్రీ ఈ అంకెలను ఎరుగరు. ఆయన చిత్రిక పట్టిన అంచును మాత్రం పసిబిడ్డ చెంపకు ఆనించవచ్చును. రేకులో తీగ దూరే ప్రతి రంధ్రానికీ రబ్బరు బుష్ తొడిగించినారు. అది లేనిచో కుదుపులకు తీగ పైతొడుగు అరిగి, రేకును తాకి నిప్పు పుడుతుంది. ఫ్యూజును బ్యాటరీకి వీలైనంత దగ్గరగా పెట్టించినారు.

ఆ పైన ఆయన మా చేత ఇంకొక పని చేయించినారు. ప్లైవుడ్, రేకు, ఫైబరు, రెండు రకాల రెగ్జిన్ ముక్కలను ఒక్కొక్క జానెడు కోయించి, వాటిపై పేర్లు వ్రాయించి, షెడ్డు రేకుల కప్పు మీద గాజుపలక క్రింద పెట్టించినారు. రోహిణి కార్తె వెళ్లినదాకా వాటిని ముట్టవద్దన్నారు. మృగశిరలో నిచ్చెన వేసుకొని చూస్తే, చవకగా కొన్న రెగ్జిన్ బిరుసెక్కి అంచులు ముడుచుకొన్నది. ఫైబరు ముక్క పసుపు రంగుకు తిరిగినది. అంచులకు వార్నిష్ పూసిన ప్లైవుడ్ ముక్క మాత్రం పెట్టిన రోజున ఎట్లున్నదో అట్లే ఉన్నది. దానినే కోసి బిగించుకొని, పైన నల్లని మాట్ రంగు వేసినాము.