కాలు ఎర్రబడి వాచినప్పుడు నిపుణుల సలహా ఎందుకు?

ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల్లో రోజంతా నిలబడి, బూట్లలో కాళ్ళు చెమటతో నానుతుండగా పనిచేసేవారు మన కుటుంబాల్లో ఎందరో ఉన్నారు. వేళ్ళ సందులు పాచిపోయి పగిలితే, అక్కడినుండి సూక్ష్మక్రిములు లోపలికి పోతాయి. ఒక కాలు ఎర్రబడి, వేడెక్కి, వాచి, నొప్పి, జ్వరం వస్తాయి. దీనినే సెల్యులైటిస్ అంటారు. షుగరు, బోదకాలు ఉన్నవారికి ఇది మళ్ళీ మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ.

ఇలాంటి రోగిని ఆసుపత్రిలో చేర్చాక "చర్మవ్యాధి నిపుణులకు చూపిద్దాం" అంటే, "ఉన్న డాక్టరుగారు చాలరా? ఖర్చు పెరగదా?" అని బంధువులు వెనుకాడుతుంటారు. ఆ సందేహం సహజమే.

ఎర్రని వాపంతా ఇన్‌ఫెక్షనేనా?

కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో సెల్యులైటిస్ అని చేర్చుకున్న 259 మందిలో 79 మందికి అసలు ఆ జబ్బే లేదని 2017లో ప్రచురితమైన ఒక అధ్యయనం తేల్చింది. సిరల్లో రక్తం నిలిచిపోయినా, గడ్డకట్టినా, రాసుకున్న బామ్ పడకపోయినా కాలు అలాగే కనబడవచ్చు. వీటిని యాంటిబయాటిక్ మందులు నయం చేయవు. రెండు కాళ్ళూ ఒకేలా ఎర్రబడితే ముందుగా ఈ అనుమానమే రావాలి.

ఎవరు ఏమి చూస్తారు?

* చర్మవైద్యులు: ఇది ఇన్‌ఫెక్షన్ అవునా కాదా, క్రిములు ఎక్కడినుండి ప్రవేశించాయి అన్నది.
* సర్జన్: చీముగడ్డ ఉంటే కోసి చీము తీస్తారు. మందులు మాత్రమే చాలవు.
* ల్యాబ్ వైద్యులు: చీములోని క్రిమి ఏది, దానికి ఏ మందు పనిచేస్తుంది అన్నది.
* ఫిజీషియన్: షుగరును అదుపులోకి తెస్తారు. లేకుంటే పుండు త్వరగా మానదు.

వెంటనే ఆసుపత్రికి రావలసిన గుర్తులు

పైకి కనిపించేదానికంటే నొప్పి చాలా ఎక్కువగా ఉండడం, చర్మం నల్లబడడం, బొబ్బలు, ఎరుపు గంటగంటకూ పాకడం, మగత. ఇవి కండపై పొరలు కుళ్ళిపోతున్న సూచనలు కావచ్చు. అప్పుడు సర్జన్ వెంటనే చూడాలి. ఆలస్యమైతే కాలికే కాదు, ప్రాణానికీ ముప్పు.

మీరు చేయవలసినవి

రోజూ కాళ్ళు కడిగి వేళ్ళ సందులు పొడిగా తుడుచుకోండి. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న స్టిరాయిడ్ ఆయింట్‌మెంట్ తామర రూపునే మార్చేస్తుంది, జబ్బు గుర్తుపట్టడం కష్టమవుతుంది. ఇంతవరకు ఏమి రాశారో, ఏమి మింగారో దాచకుండా చెప్పండి. రెండు రోజుల మందుతో తగ్గకపోతే "నిపుణులకు చూపించాలా?" అని మీరే అడగండి. అడగడం డాక్టరుగారిని తక్కువ చేయడం కాదు.